ఆటల కంప్యూటరుకు అంగముల ఎంపిక

2025 ఆగస్టు మాసములో ఒక ఆదివారమునాడు తెనాలినుండి మా బావగారు టెలిఫోను చేసిరి. సాధారణముగ వారి సంభాషణము వానలతో ప్రారంభమై పిల్లల చదువులతో ముగియును. ఆనాడు మాత్రము సూటిగ విషయమునకు వచ్చిరి. “ఏమోయ్ బావా, నీ మేనల్లుడు ఆటల కంప్యూటరు కావాలంటున్నాడు. తొంభై వేలవుతుందిట. ముప్ఫై వేలు వాడు ట్యూషన్లు చెప్పి కూడబెట్టుకున్నాడు. మిగతాది నా చీటీ సొమ్ములోంచి ఇవ్వాలి. ఇవ్వడానికేం అభ్యంతరం లేదు గాని, దుకాణంవాడు రాసిచ్చిన కాగితంలో నాకొక్క ముక్కా అర్థం కాలేదు. నువ్వొకసారి చూడు” అనిరి.

కాగితము మాకు చేరినది. మొదటి పంక్తిలో ఎనిమిది కోర్ల ప్రాసెసరు, పెద్ద అక్షరములతో. దాని క్రింద అద్దాల క్యాబినెట్టు, రంగురంగుల దీపములు గల ఆరు ఫ్యానులు. తరువాత 8 జి.బి. గ్రాఫిక్స్ కార్డు, ప్రాసెసరు కన్న తక్కువ ధరది. అన్నిటికిని అడుగున, తయారుచేసినవారి పేరైనను లేకుండ, “650 వాట్ల ఎస్.ఎం.పి.ఎస్., రూ. 1,800” అని వ్రాసియున్నది. కూడగా సరిగా 90,000 అయినది. ఆ కాగితములో మోసమేమియు లేదు. ప్రతి వస్తువునకు వేసిన ధర బజారు ధరయే. కాని సొమ్ము ఎక్కడ ఉండవలెనో అక్కడ లేదు, ఎక్కడ అక్కరలేదో అక్కడ పోగుపడినది. ఇట్టి కాగితములు ఈ కాలమున అనేక గృహములలో పెద్దల చేతికి వచ్చుచున్నవి. వానిని చదువుట ఎట్లో మాకు తెలిసినంత వరకు చెప్పుటయే ఈ ప్రసంగము.

విడి అంగములు కొని కూర్చిన కంప్యూటరును జోడెడ్ల బండితో పోల్చవచ్చును. ఒక ఎద్దు ఎంత బలమైనదైనను, రెండవది కుంటుచున్నచో బండి ఆ కుంటుదాని నడకనే నడచును. బలమైన దానికి పోసిన దాణా వ్యర్థము. కావున ఏ అంగము మేలైనదని విడివిడిగ అడుగుట కన్న, ఏ అంగము వేనికై వేచియుండునో అడుగుట మంచిది. ఇది తెలియుటకు మొదట బజారునకు పోనక్కరలేదు. ఏ ఆటలు, ఏ తెరమీద, అని పిల్లవానిని అడిగిన చాలును.

మేము అట్లే అడిగితిమి. మా మేనల్లుడు స్నేహితులతో కూడి ఆడునవి వాలొరంట్, కౌంటర్-స్ట్రైక్ 2. ఒంటరిగ ఆడదలచినవి సైబర్‌పంక్ 2077 వంటి పెద్ద కథల ఆటలు. ఈ రెండు జాతులును కంప్యూటరును అడుగు పని వేరువేరు. మొదటి జాతి ఆటలలో బొమ్మ తేలిక, వేగము ముఖ్యము. శత్రువు గోడమూలనుండి తొంగిచూచుట తెరపై ఎంత త్వరగ కనబడునో అంత మేలు. ఇచ్చట ప్రాసెసరుకు పని హెచ్చు. రెండవ జాతిలో వానలో తడిసిన వీధులు, అద్దములలో నీడలు, గుంపులు గుంపులుగ జనము. ఇచ్చట భారమంతయు గ్రాఫిక్స్ కార్డుపై పడును.

ఇక తెర. తెరపై బొమ్మ చుక్కల కూర్పు. వీనినే పిక్సెళ్లు అందురు. 1080 అని పిలువబడు తెరలో వెడల్పున 1,920, ఎత్తున 1,080, మొత్తము 20,73,600 చుక్కలుండును. 1440 అను తెరలో 36,86,400. 4కె అను తెరలో 82,94,400, అనగా మొదటిదానికి సరిగా నాలుగు రెట్లు. ఇన్ని చుక్కలకును రంగు నిర్ణయించి బొమ్మను పూర్తిచేయుట గ్రాఫిక్స్ కార్డు పని. అదియు ఒక్కసారి కాదు. 60 హెర్ట్జ్ తెర సెకండుకు 60 బొమ్మలు చూపును. అనగా ఒక బొమ్మకు సుమారు 17 మిల్లీసెకండ్ల వ్యవధి. 144 హెర్ట్జ్ తెరకు ఏడు మిల్లీసెకండ్లు కూడ ఉండవు. 1440 తెరపై సెకండుకు 144 బొమ్మలు గీయవలెనన్నచో 53 కోట్లకు పైగా చుక్కలను గీయవలెను.

మా మేనల్లుని స్నేహితులు 4కె తెర లేనిదే జీవితము వ్యర్థమని వానికి బోధించియుండిరి. పై లెక్కను కాగితముపై వేసి చూపితిమి. 4కె తెరను తెచ్చి మధ్యరకపు కార్డును తగిలించుట, ఇరుకు సందులోనికి తేరును లాగుట. చివరకు 27 అంగుళముల 1440 తెర నిశ్చయమైనది. దానికగు 17,000 రూపాయలను వాని పెత్తండ్రిగారు విడిగ ఇచ్చెదమనిరి. కనుక తొంబదివేలలోనికి అది రాదు. అదియు లేని యింట 1080 తెరతో, మరికొంత తక్కువ కార్డుతో సంతోషముగ ఆడుకొనవచ్చును. అందులో చిన్నతనమేమియు లేదు.

తెర తేలిన పిమ్మట గ్రాఫిక్స్ కార్డు. ఆటల కంప్యూటరుపై పెట్టు సొమ్ములో పదింట నాలుగు పాళ్లు దీనికే పోవలెనని మా అభిప్రాయము. కొందరు సగము అందురు. ఇందులో పెద్దలు గమనింపవలసిన చిక్కు ఒకటి కలదు. కార్డునకు సొంత మెమరీ ఉండును. ఆటలోని గోడలు, వస్త్రములు, ముఖములు మొదలగువాని బొమ్మలు ఆటసమయమున అందులో నిలువయుండును. చోటు చాలనప్పుడు కంప్యూటరు ర్యామునుండి మాటిమాటికి తెచ్చుకొనవలసివచ్చి ఆట తడబడును. 2025లో వచ్చిన ఆర్.ఎక్స్. 9060 ఎక్స్.టి., ఆర్.టి.ఎక్స్. 5060 టి.ఐ. అను రెండు కార్డులును 8 జి.బి.తో కొన్ని, 16 జి.బి.తో కొన్ని అమ్మకమునకు వచ్చినవి. పేరు ఒక్కటే, పెట్టె బొమ్మయు ఇంచుమించు ఒక్కటే. లోపలి చోటు సగమునకు సగము భేదము. దుకాణమువారు కార్డు పేరు మాత్రము వ్రాసి, ఆ అంకె వ్రాయనిచో, అడిగి వ్రాయించుకొనవలెను. 1080 తెరకు ఈనాటికిని 8 జి.బి. అనేక ఆటలకు సరిపోవును. 1440 తెరపై నాలుగైదేండ్లు ఆడదలచినవాడు 8 జి.బి. కొనుట పెరుగుచున్న పిల్లవానికి కొలతకు సరిగా చొక్కా కుట్టించుట వంటిది. 2024 డిసెంబరులో వచ్చిన ఇండియానా జోన్స్ ఆట, 2025 మేలో వచ్చిన డూమ్ ఆట, కాంతికిరణముల లెక్క వేయగల కార్డు లేనిదే అసలు నడువవు. పాత కార్డులను చవుకగ తెచ్చుకొనువారు ఈ సంగతి ముందుగ తెలిసికొనుట మంచిది.

ఎన్విడియా వారి కార్డా, ఎ.ఎమ్.డి. వారి కార్డా అను వాదము పిల్లలలో సినిమా హీరోల వాదమువలె సాగుచుండును. మా దృష్టి యిది. యంత్రములకు నేర్పు విద్య, అనగా ఈనాడు అందరును ఎ.ఐ. అనునది, చదువువారికి ఎన్విడియా కార్డు సుకరము. ఆ శాస్త్రమునందలి పనిముట్లు మొదట దానికొరకే తయారగుచున్నవి. మా మేనల్లుడు చదువునది సివిల్ ఇంజనీరింగు. వానికి ఆ అక్కర లేదు. అదే 16 జి.బి. ఎన్విడియా కార్డు ఆనాటికి మరికొన్ని వేలు హెచ్చు పలికినది. కనుక 9060 ఎక్స్.టి. 16 జి.బి. కార్డును 36,500 రూపాయలకు నిశ్చయించితిమి. ఇంటెల్ వారి బి580 అను 12 జి.బి. కార్డును 2024 డిసెంబరులో వచ్చినది. మరింత చిన్న బడ్జెటువారు దానిని కూడ చూడవచ్చును. అయితే దానికి పాత ప్రాసెసరు జత కుదరదు.

ప్రాసెసరు విషయమున మా మేనల్లునితో కొంత వాదము జరిగినది. “మామయ్యా, ప్రాసెసర్ గదా మెదడు! దాన్ని తగ్గిస్తే ఎలా?” అనెను. మెదడను పోలికయే ఇన్ని గృహములలో ఇంత సొమ్ము వ్యర్థము చేయించినదని మా అనుమానము. ఆటలు పెక్కు ఆరు కోర్లతో హాయిగ నడచును. అంతకు మించిన కోర్లు చలనచిత్రములు కూర్చువారికి, పెద్దపెద్ద గణనలు చేయువారికి ఉపయోగించును గాని, 1440 తెరపై సైబర్‌పంక్ ఆడువానికి ఎనిమిది కోర్లు ఉన్నను, కార్డు ఎప్పుడు బొమ్మ గీసి యిచ్చునా అని అవి చేతులు ముడుచుకొని కూర్చుండును. 2023 జనవరిలో వచ్చిన రైజెన్ 5 7600 అను ఆరు కోర్ల ప్రాసెసరును 17,500 రూపాయలకు ఎంచుకొంటిమి. దానితో చల్లార్చు ఫ్యాను పెట్టెలోనే వచ్చును. వేరే కొననక్కరలేదు. ఇంటెల్ వారి పేర్ల చివర ఎఫ్ అను అక్షరమున్న ప్రాసెసర్లలో తెరకు బొమ్మ నిచ్చు భాగము పనిచేయదు. కార్డు పాడైననాడు కంప్యూటరే చీకటి యగును. ఈ 7600లో ఆ భాగము కలదు. ఆట ఆడుటకు చాలదు గాని, కార్డు మరమ్మతునకు పోయిన నెలరోజులును పిల్లవాడు పాఠములు చదువుకొనవచ్చును.

ఇంకొక కారణము ప్రాసెసరును అమర్చు గూడు. ఎ.ఎమ్.డి. వారి ఎ.ఎమ్.4 అను గూటికి 2017లో రైజెన్‌లు వచ్చినవి. ఆనాడు బోర్డు కొన్నవారిలో అనేకులు 2022లో వచ్చిన 5800 ఎక్స్.3డి. అను మేటి ప్రాసెసరును అదే బోర్డుపై, లోపలి సాఫ్ట్‌వేరు మార్చుకొని, వేసికొనగలిగిరి. బోర్డు, ర్యాము మరల కొననక్కరలేకపోయినది. 2022 సెప్టెంబరులో వచ్చిన ఎ.ఎమ్.5 గూటికి కూడ 2027 వరకును, ఆ పైనను, క్రొత్త ప్రాసెసర్లు ఇత్తుమని వారు చెప్పియున్నారు. ఇప్పుడు ఆరు కోర్లతో సర్దుకొని, ఉద్యోగము వచ్చిన తరువాత తన జీతముతో పెద్దది వేసికొనుమని మేనల్లునితో అంటిమి. ఈ మాట వానికంటె బావగారికి హెచ్చు నచ్చినది.

మదర్‌బోర్డు గూర్చి చెప్పవలసినది కొంచెమే. బి650 తరగతిలో నాలుగు ర్యాము చోట్లున్నది, పేరున్న తయారీది, 11,000 రూపాయలు. ఇంతకు మించి పెట్టుట ఈ బడ్జెటులో అలంకారము.

ర్యాము సంగతి వేరు. 32 జి.బి. ర్యామును, రెండు పదహార్లుగ, 8,600 రూపాయలకు కొంటిమి. రెండు పలకలుగ తీసికొనుటకు కారణము కలదు. ప్రాసెసరునకు ర్యామునకు నడుమ రెండు దారులున్నవి. ఒకే పలక వేసినచో ఒక దారి మూసియుండును. దుకాణమువారు “తరువాత ఇంకొకటి వేసికొనవచ్చు” నని ఒక్క పలకతో ఇచ్చుట పరిపాటి. ఆటలో దాని నష్టము కనబడును. మేము కొన్నది ఆగస్టులో. ఆ సంవత్సరాంతమునకు ఎ.ఐ. కేంద్రముల గిరాకీవలన ర్యాము ధరలు రెట్టింపును మించిపోయినవి. క్రూషియల్ అను పేర ఇన్నేండ్లుగ గృహస్థులకు ర్యాము అమ్మిన మైక్రాన్ కంపెనీ ఆ వ్యాపారమునుండి తప్పుకొనుచున్నట్లు 2025 డిసెంబరులో ప్రకటించినది. కావున మా 8,600 అను అంకెను పట్టుకొని ఎవ్వరును దుకాణమువారితో తగవులాడరాదు. అట్టి సమయమున బడ్జెటు కుదరనిచో 16 జి.బి.తో, అదియు రెండు ఎనిమిదులుగ, ప్రారంభించుట మేలు. ఇంట ఎ.ఎమ్.4 బోర్డు, డి.డి.ఆర్.4 ర్యాము గల పాత కంప్యూటరున్నచో దానికి క్రొత్త కార్డు మాత్రము వేయుట ఇంకను మేలు. ర్యాము కొరకు కార్డును తగ్గించుట మాత్రము మేము ఒప్పము.

నిలువకు 1 టి.బి. ఎస్.ఎస్.డి., 5,400 రూపాయలు. పాత గుండ్రని హార్డ్ డిస్కుపై ఈనాటి పెద్ద ఆటలు తెరచుకొనుటకే కాఫీ కాచుకొనవచ్చును. వేగపుటంకెలు చూచి మరీ ఖరీదైనది కొననక్కరలేదు. సెకండుకు 3,500 మెగాబైట్లు చదువుదానికిని, 7,000 చదువుదానికిని ఆటలో భేదము కనిపెట్టుట కష్టము.

ఇప్పుడు ఆ కాగితములో అడుగున ఉన్న పంక్తికి వచ్చుచున్నాము. గోడలోని 230 వోల్టుల విద్యుత్తును కంప్యూటరు భరింపగల 12, 5, 3.3 వోల్టులకు దింపి యిచ్చు పెట్టె ఎస్.ఎం.పి.ఎస్. ఇది బొమ్మ గీయదు, లెక్క కట్టదు. క్యాబినెట్టులో మూలనుండును. అందుచే సొమ్ము చాలనప్పుడు అందరి చేయియు మొదట దీనిపైననే పడును. మా చేయియు ఒకప్పుడు పడినది.

2012లో మేము సికింద్రాబాదులో ఒక దుకాణమున కంప్యూటరు కూర్పించితిమి. ఎస్.ఎం.పి.ఎస్. వద్ద 700 రూపాయలది చాలునని వారనిరి, మేమును సరేయంటిమి. 2014 మే నెలలో ఒక సాయంకాలము గాలివానకు కరెంటు పోయి, వచ్చి, మరల పోయి, ఒక్క ఊపున వచ్చినది. టప్పున శబ్దమైనది. కాలిన వాసన గదియంత వ్యాపించినది. మంచి ఎస్.ఎం.పి.ఎస్. తాను చచ్చినను తక్కిన అంగములను కాపాడును. హద్దుమీరిన వోల్టేజిని కనిపెట్టి తనంతట తాను ఆగిపోవు ఏర్పాటు దానిలో ఉండును. మాదానిలో అది లేదు. మదర్‌బోర్డు పోయినది, హార్డ్ డిస్కు పోయినది. ఆ డిస్కులో మా తల్లిగారు 2009లో, తమ డెబ్బదియారవ యేట, మేము కోరగా పాడిన మంగళహారతులు పదునొకండు ఉన్నవి. ఆమె 2011లో గతించిరి. ఆ పాటలకు ఇంకొక ప్రతి తీసియుంచక పోవుట మా తప్పు, దానిని ఎవ్వరిపైనను మోపలేము. దుకాణదారు మాట తప్పలేదు. గ్యారంటీ ప్రకారము 700 రూపాయల ఎస్.ఎం.పి.ఎస్. క్రొత్తది ఇచ్చెను.

బావగారికి ఈ సంగతి తెలియును. అక్కగారికి ఇంకను బాగుగ తెలియును. అందుచే 1,800 రూపాయల పంక్తిని కొట్టివేసి 5,600 అని మేము వ్రాసినప్పుడు వారెవ్వరును మారుమాటాడలేదు.

ఎస్.ఎం.పి.ఎస్.ను ఎంచుట ఎట్లనగా, పెట్టెపై పెద్దగ వ్రాసిన వాట్లను నమ్మక, ప్రక్కన అంటించిన పట్టికను చదువవలెను. అందు 12 వోల్టుల క్రింద ఎన్ని ఆంపియర్లని వ్రాసియుండునో దానిని 12తో గుణింపవలెను. 54 ఆంపియర్లున్నచో 648 వాట్లు, అనగా నిజమైన 650. కొన్ని చవుక పెట్టెలపై పేరు గొప్పగ నున్నను అక్కడ 20 ఆంపియర్లే కనబడును. 240 వాట్లు! 80 ప్లస్ అను ముద్ర కరెంటు వృథా కాకుండుటకు గుర్తు మాత్రమే. రక్షణలకు హామీ కాదు. అయినను అసలా ముద్రయే లేనిదానిని కొనరాదు. ఐదేండ్ల వారంటీ యిచ్చునది చూచుకొనుట మేలు. ఎన్ని వాట్లు కావలెనన్నచో, మేము ఎంచుకొన్న కార్డుకు తయారీదారుల లెక్క 160, ప్రాసెసరు గట్టిగ పనిచేయునప్పుడు 88, తక్కినవానికి 50 అనుకొందము. మొత్తము మూడు వందలు. కార్డు క్షణకాలము ఒక్కసారిగ హెచ్చు లాగుకొనును కనుకను, రేపు పెద్ద కార్డు వేసికొనవచ్చును కనుకను 650 తీసికొంటిమి. వేయి వాట్లది తీసికొన్నంతమాత్రాన కరెంటు బిల్లు పెరుగదు, తగ్గదు. కంప్యూటరు తనకు కావలసినంతయే తీసికొనును. రోజుకు మూడు గంటలు ఆడినచో సుమారు ఒక యూనిటు కాలునని బావగారికి లెక్క చెప్పితిమి.

దీనితోపాటు రెండు మాటలు. మొదటిది ఎర్తింగు. పాత యిండ్లలో మూడు కన్నముల సాకెట్టున్నను మూడవ కన్నమునకు తీగ ఉండదు. అట్టి చోట క్యాబినెట్టును తాకినచో చేయి జివ్వుమనును. తెనాలి యింట సరిగా ఇదే పరిస్థితి. ఎలక్ట్రీషియనును పిలిపించి తీగ వేయించినంత వరకు కంప్యూటరును తెరువవలదని గట్టిగ చెప్పితిమి. రెండవది యు.పి.ఎస్. బజారులో సాధారణముగ అమ్ము 600 వి.ఎ. యు.పి.ఎస్. నిజముగ ఇచ్చునది 360 వాట్లే. తెరతో కలిపి ఆట నడుచుచుండగ కరెంటు పోయినచో అది ఊపిరి అందక ఆగిపోవచ్చును. 1,000 వి.ఎ. వరకు పోవలెను. అక్టోబరులో దానిని వేరే సొమ్ముతో కొనిరి.

క్యాబినెట్టు వద్ద మా మేనల్లుని మనస్సు కొంత నొచ్చుకొన్నది. వానికి నాలుగు వైపుల అద్దములు, దీపములు కావలెను. ముందువైపు మూసియున్న అద్దపు క్యాబినెట్టు, చలిదేశములలో ఎట్లున్నను, మన కృష్ణా, గుంటూరు ప్రాంతపు మే నెలలో పొయ్యివలె అగును. గదియే 38 డిగ్రీలున్నప్పుడు లోపలి గాలి అంతకన్న చల్లగ ఉండజాలదు గదా. 7600 ప్రాసెసరు 95 డిగ్రీలు చేరగనే తనను తాను కాపాడుకొనుటకు వేగమును తగ్గించుకొనును. అనగా సొమ్ము పెట్టి కొన్న వేగము వేసవిలో మనకు దక్కదు. ముందువైపు జల్లెడవంటి రేకు ఉండి, దానివెనుక రెండు ఫ్యానులు లోనికి, వెనుకవైపు ఒకటి బయటికి గాలిని త్రోయునట్టి క్యాబినెట్టు 4,200 రూపాయలకు దొరకినది. వెనుక ఫ్యానునకు దీపము ఉన్నది. ఆ మాత్రము రాజీ మేమును పడితిమి. జల్లెడ రేకుకు దుమ్ము పట్టును. నెలకొకసారి మెత్తని కుంచెతో దులుపుకొనవలెను. ఊడ్చునప్పుడు చీపురుదుమ్ము సోకకుండ కంప్యూటరును నేలపై గాక బల్లపై పెట్టుట మంచిది.

కొనుట ఎక్కడ అన్నచో, హైదరాబాదు ప్రాంతమువారికి సికింద్రాబాదు పార్క్ లేనులోని చెనాయ్ ట్రేడ్ సెంటరు ఉండనే ఉన్నది. నెల్లూరు, తిరుపతి ప్రాంతములవారిలో అనేకులు చెన్నై రిచీ స్ట్రీటుకు పోవుదురు. ఒక్క దుకాణమున అన్నియు కొననక్కరలేదు. మేము మూడింట కొంటిమి. వెల చెప్పునప్పుడు 18 శాతము జి.ఎస్.టి. కలిపియా, కలుపకయా అని మొదటనే అడుగవలెను. బిల్లు లేకుండ తగ్గించి యిత్తుమనువారికి నమస్కరించి బయటికి రావలెను. బిల్లుపై వస్తువు సీరియల్ నంబరు వ్రాయించుకొననిదే మూడేండ్ల వారంటీ కాగితమునకే పరిమితము. వాడిన కార్డులు చవుకగ దొరకును. 2022 సెప్టెంబరు 15న ఎథీరియం అను నాణెము తన పద్ధతి మార్చుకొనుటతో, అంతవరకు దానిని గ్రాఫిక్స్ కార్డులతో “తవ్వు”చున్నవారు రేయింబవళ్లు పనిచేసిన తమ కార్డులను బజారులో గ్రుమ్మరించిరి. వానిలో మంచివియు ఉండును. కాని చూచి పోల్చుట మనవంటివారి వశము కాదు. చీటీ సొమ్ముతో అట్టి పందెము వేయుటకు మాకు మనస్కరింపలేదు.

మొత్తము 88,800 అయినది. మిగిలిన 1,200 రూపాయలు పిల్లవానికే ఇచ్చివేసితిమి. విండోస్ లైసెన్సు ఈ లెక్కలో లేదు. దానిని వాడు తరువాత కొనుక్కొనెను. ఉచితముగ దొరకు లినక్సుతో కూడ ఈనాడు పెక్కు ఆటలు నడచుచున్నవి గాని, వాలొరంట్ నడువదు. కనుక మావానికి వేరు దారి లేదు.

అంగములను కూర్చుట వాడే, బల్లపై దుప్పటి పరచుకొని, ఒక పగలంతయు చేసెను. సాయంకాలము టెలిఫోను వచ్చినది. “మామయ్యా, అంతా బాగానే ఆన్ అయింది. కాని గేము పెడితే బొమ్మలు ఆగి ఆగి వస్తున్నాయి. కార్డు చెడ్డదేమో” అని కంఠములో దుఃఖము. తెర తీగను ఎక్కడ తగిలించితివని అడిగితిమి. పైన బోర్డుకున్న సాకెట్టుకట! ముప్పదియారు వేల కార్డు క్రింద ఖాళీగ కూర్చుండగా ప్రాసెసరులోని చిన్న భాగము పాపము ఒంటరిగ బొమ్మలు గీయుచున్నది. తీగను క్రిందనున్న కార్డు సాకెట్టునకు మార్పించితిమి. పిమ్మట విండోసులో తెర వేగము 60 అని ఉండిపోయినదానిని 180కి మార్పించితిమి. బోర్డు సెట్టింగులలో ర్యామును దాని అసలు వేగమునకు తెచ్చు ఎక్స్‌పో అనుదానిని కూడ పెట్టించితిమి. ఈ మూడును మరచినవారు, తమకు తెలియకయే, కొన్న కంప్యూటరులో సగమునే వాడుకొనుచుందురు.

బిల్లులన్నియు అక్కగారు ఇంటి దస్తావేజులతో కలిపి బీరువాలో పెట్టిరి. మేనల్లుడు పరీక్షలు లేనప్పుడు రాత్రి తొమ్మిదివరకు ఆడుచున్నాడు. ఆపైన గంటసేపు బావగారు అదే కుర్చీలో కూర్చుండి చదరంగము ఆడుచున్నారట. దానికి ఆ కార్డు అక్కరలేదని వారికి మేమింకను చెప్పలేదు.